బళ్ళారిమండలపు వీధిబడి: 1823

ఉన్నతవిద్యాస్థానములను గూర్చి మన శాసనములు కొంత చెప్పుచున్నవి. 1261 సంవత్సరపు మల్కాపురశాసనము వేదశాస్త్రములు చెప్పు నధ్యాపకులకుఁ గల్పించిన వసతిని దెలుపును. కాని యైదేండ్ల బాలుఁడు తెల్లవాఱుజామున లేచి బడికిఁ బోయి యచ్చట నేమి చేసెడివాఁడో, ఏది ముందు నేర్చెడివాఁడో, దేనికి దెబ్బలు తినెడివాఁడో వరుసగాఁ జెప్పిన పాతవ్రాత యరుదు. అట్టి యరుదైన వ్రాతలలో నొకటి, బళ్ళారి కలెక్టరైన ఎ. డి. కాంబెలు 1823 ఆగస్టు 17వ తేదీని చెన్నపట్టణపు రెవిన్యూబోర్డునకుఁ బంపిన లేఖ. విద్యాచరిత్రకారులు దీనిని మిక్కిలిగా నుదాహరించుచున్నారు. అయినను వారిలోఁ బలువురు రెండు సంగతులకొఱకే దీనిని దెఱచినట్లు తోఁచును: ఒకరు బడుల సంఖ్యకొఱకు, వేఱొకరు బాలురు చిలుకలవలె వల్లించెడివారను నిందకొఱకు. లేఖను మొదటినుండి తుదివఱకు నొక్కతీరునఁ జదివినచో, ఆ నిందకుఁ గారణము సయితము ఆ లేఖయందే కనఁబడుచున్నది. దానిని జూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

చెన్నరాజధానికి గవర్నరైన సర్ తామస్ మన్రో 1822 జూను 25వ తేదీని వ్రాసిన మినిటువలన నీ విచారణ పుట్టినది. ప్రతిమండలమునను బడులెన్ని, చదువువారెందఱు, వారు చదువు పుస్తకములేవి యని కలెక్టరుల నాతఁడడిగెను. మన దత్తమండలములు మన్రోకుఁ గ్రొత్తవి కావు. 1800 మొదలు 1807 వఱకు నాతఁడచ్చట ముఖ్యకలెక్టరుగా నుండెను. బళ్ళారి యన్నచో నేఁడు కర్ణాటకమందలి పట్టణమే మనకు స్ఫురించును గాని, ఆనాఁటి బళ్ళారిమండలము మిగులఁ బెద్దది. అనంతపురమండలము దానినుండి 1882లో విడివడినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు 1953 వఱకు దానిలోనివే. కావుననే కాంబెలు లెక్కించిన 533 బడులలోఁ గన్నడపుబడులు 235 కాఁగా, తెలుఁగుబడులు 226 ఉండెను. తక్కినవి మహారాష్ట్రము 23, పారసీకము 21, అరవము 4, ఇంగ్లీషు 1. తర్కజ్యోతిషధర్మశాస్త్రాదులను సంస్కృతమున బ్రాహ్మణులు మాత్రమే చదువు స్థానములు 23.

కాంబెలు పేరు వైయాకరణులకుఁ దెలియనిది కాదు. 1816లోఁ దెలుఁగువ్యాకరణమును, 1821లోఁ దెలుఁగునిఘంటువును ఇంగ్లీషునఁ బ్రకటించినవాఁ డాతఁడే. దక్షిణదేశభాషలు సంస్కృతజన్యములు గావని ఎల్లిసుదొర వ్రాసిన యుపోద్ఘాతము వెలువడినది ఆ వ్యాకరణమునందే. కావున నీ లేఖ వ్రాసిన కలెక్టరు, బడిముంగిటఁ బోవుచు నొకపరి తొంగిచూచిన పరదేశి కాఁడు. గుణింతము నెఱిఁగినవాఁడు, నిఘంటువు కూర్చుటలోని కష్టమును ననుభవించినవాఁడు. ఈ విషయము తరువాత మనకుఁ బనికివచ్చును.

మండలమున జనసంఖ్య 927,857. బడిలోనున్నవారు 6,641 మంది. అనఁగా వేయింటికి నేడుగురు, బడికి సగటునఁ బండ్రెండుగురు. పండ్రెండుగురను సంఖ్యను మనసున నుంచుకొననిదే యీ బడిస్వరూపము బోధపడదు. అది యొక యరుగో, ఒక చావడియో, గుడిమండపములో నొక మూలయో కాఁజాలును గాని మనమెఱిఁగిన తరగతిగది కాదు. ఆ 6,641 మందిలో బ్రాహ్మణులు 1,187, వైశ్యులు 982, శూద్రులని పట్టికలో వ్రాయఁబడినవారు 3,024, ఇతరకులములవారు 1,205, మహమ్మదీయులు 243. ఆనాఁటి వీధిబడి బ్రాహ్మణులకే యుండెడిదను మాట యీ పట్టికముందు నిలువదు. అట్లని యది యందఱిదనుటయుఁ గుదరదు. బాలికలు మొత్తముమీఁద 60 మంది. వారిలో బ్రాహ్మణబాలిక లిద్దఱు, వైశ్యబాలిక యొకతె. ఈ పట్టికలను 1983లో ధర్మపాలు తన గ్రంథమునఁ బ్రకటించినది మొదలు, అవి హెచ్చా తక్కువా యను వాదము సాగుచునే యున్నది. అందులోనికి నేను దిగను. మనము బడిలోనికిఁ బోవుదము.

బాలునకు ఐదవయేఁటఁ జదువు మొదలు. ఆనాఁడు అయ్యవారిని, బడిపిల్లల నందఱను దలిదండ్రులు తమ యింటికిఁ బిలుతురు. వినాయకప్రతిమ చుట్టును అందఱు వలయముగాఁ గూర్చుందురు. క్రొత్తబాలుఁడు ప్రతిమకు సరిగా నెదుట, అయ్యవారు వాని ప్రక్కన. ధూపనైవేద్యములైన పిమ్మట, బుద్ధి నిమ్మని బాలునిచే దేవుని వేడించి, వాని వ్రేలుపట్టి బియ్యములో దేవుని నామము వ్రాయింతురు. తలిదండ్రులు శక్తికొలఁది యిచ్చిన సంభావన గైకొని అయ్యవారు వెడలును. మఱునాఁటి యుదయమే చదువు.

దేవుని నామమని మాత్రము చెప్పి కాంబెలు ఊరకున్నాఁడు. తెలుఁగునాఁట ఇట్లు వ్రాయించునది "ఓం నమశ్శివాయ సిద్ధం నమః" అనునది. ఓనమాలను మాటకు మూలమిదియే. ఇందు శివనామము సుబోధము. సిద్ధమను రెండవముక్క యేల వచ్చినది? జైనుల సిద్ధనమస్కారమే యిది యని కొందఱందురు. శాబ్దికులకు వేఱొకత్రోవయుఁ గనఁబడును. వార్తికకారుఁడు తన గ్రంథాదిని సిద్ధశబ్దము నుంచుట మంగళార్థమని భాష్యకారుఁడు పస్పశాహ్నికమునఁ జెప్పినాఁడు. కాతంత్రవ్యాకరణమున మొదటిసూత్రము వర్ణసమామ్నాయమును గూర్చినది. దానికి మొదటిపదము సిద్ధశబ్దమే. 673లో మనదేశమునకు వచ్చిన చీనాయాత్రికుఁడు ఇత్సింగు, బాలుర మొదటిపుస్తకమునకు సిద్ధమనియే పేరు చెప్పి, ఆఱవయేఁట మొదలిడి ఆఱునెలలలో దానిని ముగింతురని వ్రాసినాఁడు. అంతకు ముందు వచ్చిన హ్యూయన్‌త్సాంగు బాలవిద్యకు మొదటిది పండ్రెండధ్యాయముల పాఠమని చెప్పినాఁడు. మన గుణింతమందలి పండ్రెండు రూపములను దలఁచుకొన్నచో నది యేమియో యూహింపవచ్చును. కావున బళ్ళారియరుగుమీఁద వ్రేలు బియ్యములో నుంచిన పసివాఁడు, తనకుఁ దెలియకయే, వేయేండ్లకు మించిన యొక పాఠక్రమమున మొదటిమెట్టు మీఁదఁ గాలుపెట్టుచున్నాఁడు.

బడి తెఱచువేళ ఉదయము ఆఱుగంటలు. మొదట వచ్చిన బాలుని యఱచేత గౌరవసూచకముగా సరస్వతి యని వ్రాయుదురు. రెండవవాని చేత సున్న. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూఁడవవానికి మెల్లగా నొకదెబ్బ, నాలవవానికి రెండు, అట్లే వచ్చినకొలఁది నొక్కొకటి హెచ్చు. పండ్రెండుగురు గల బడిలోఁ గడపటివానికిఁ బది. దీనిని లెక్కలలో మొదటిపాఠమన్నను దప్పు లేదు. సోమరికి బెత్తము; చేతులు రెండును గట్టి యింటికప్పునకు వ్రేలఁదీయుట; ఎడతెగక క్రుంగి లేచుట. వ్రేలఁదీయుటను మనవారు కోదండమనిరి, క్రుంగి లేచుటను గుంజిళ్ళనిరి. గుంజిళ్ళు నొప్పించునవైనను దేహమునకు మేలుచేయునవి కావచ్చునని కాంబెలు చమత్కరించినాఁడు. కోదండమునకు మాత్ర మట్టి సమర్థన మాతఁడు చేయలేదు. శ్రీరాముని వింటిపేరు పసిపిల్లలను వ్రేలఁగట్టు త్రాటికిఁ బెట్టినవాఁ డెవఁడో గాని, పాతకాలపు బడిని గొనియాడు మనవారు ఆ త్రాటిని మఱచిపోవుట న్యాయము కాదు.

పిల్లలందఱు చేరినపిమ్మట వారిని దఱచుగా నాలుగుతెగలుగా విభజింతురు. క్రిందితెగలను గొంతవఱకుఁ బెద్దపిల్లలు చూచుకొందురు; పైతెగలను అయ్యవారు స్వయముగాఁ జూచుచు, బడి యంతటిమీఁదను గన్ను వేసియుండును. ఒకతెగనుండి వేఱొకతెగకు మాఱుట వయస్సునుబట్టి కాదు, నేర్చినదానిని బట్టి.

చదువులో మొదటిపని యిసుక. ఇసుక పఱచిన నేలమీఁద వ్రేలితో అక్షరమును దిద్దుట. ఐరోపాలోవలె అక్షరముల పేరులు వల్లించుటతోఁ గాక, వ్రాయుటతోనే యిచ్చట నక్షరజ్ఞానము మొదలగునని కాంబెలు ప్రత్యేకముగాఁ జెప్పినాఁడు. ఇది చిన్నసంగతి కాదు. మనవిద్య యంతయు నోటివిద్యయే యని చెప్పుట యలవాటైనది. వేదవిద్యకు అది సరియే, వీధిబడికి సరిగాదు. అచ్చట నాలుకకు ముందు చేయి నేర్చినది. అకారపువంపు ఎచ్చట మొదలై యెచ్చట ముగియునో వ్రేలి కెఱుక పడినపిమ్మట కన్ను దానిని గుఱుతించుట సులభము. మన లిపి వంపులలిపి గావున నీ పద్ధతి దానికిఁ దగినది.

వ్రేలు కుదిరిన బాలునకు వ్రాఁతసాధనము లిత్తురు. తాటియాకుమీఁద గంటము, కాగితముమీఁద ఱెల్లుకలము, ఒకప్పుడు ఈశ్వరితీఁగయాకు కూడఁ గలవు గాని, ఆ మండలమున నెక్కువగా వాడుకలోనున్నవి రెండు. ఒకటి అడుగు వెడలుపు, మూఁడడుగుల పొడవు గల చెక్క. నునుపుచేసి అన్నమును బొగ్గుపొడియుఁ బూసినఁ జాలును. రెండవది గంజిపెట్టి గట్టిపఱచి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులును గలిపి పూసిన బట్ట. తడిగుడ్డతోఁ దుడిచి మరల మరల వ్రాసికొనవచ్చును. వీనిపేరులను కాంబెలు "హుల్లిగి", "కడత" అని వ్రాసినాఁడు. మొదటిది కన్నడపు హలగె, అనఁగా మన పలక. పకారము కన్నడమున హకారమగుట మనకుఁ దెలిసినదే. రెండవది మన కడితము. వ్రాయు తెల్లమట్టికడ్డి పేరు అచ్చులో "బట్టప" యని కనఁబడుచున్నది. ఇంగ్లీషువ్రాతప్రతిలోని రెండు లకారములను రెండు టకారములుగాఁ జదువుటవలనఁ గలిగిన పొరపాటిది. అది బలపము తప్ప వేఱొకటి కానేరదు. బలపము చేతఁబట్టని తెలుఁగువాఁడుండఁడు గావున, "బట్టప" యనునది యేమియో యని పరిశోధకులు చిక్కుపడనక్కఱలేదు.

అక్షరముల తరువాత గుణింతము, ఒత్తులు. ఆవల మనుష్యుల పేరులు, ఊళ్ళపేరులు, జంతువుల పేరులు. పిదప అంకెలు. ఒకటి మొదలు నూఱువఱకు లెక్కించుట, కూడికపట్టిక, రూకల కూడికలు తీసివేఁతలు, హెచ్చవేఁత, కొలఁతలమార్పులు. ఇందులో భిన్నములయందు మిక్కిలి శ్రద్ధ యుండెడిదనియు, అవి పదులుగాఁ గాక నాలుగులుగా దిగుచుఁ బోవుననియుఁ గాంబెలు గుఱుతించినాఁడు. కాలు, కాలులోఁ గాలు వీసము, వీసములోఁ గాలు కాని. వ్రాఁతలోఁ గాలులకు నిలువుగీఁతలు, వీసములకు అడ్డుగీఁతలు, కానులకు మరల నిలువుగీఁతలు. ఏస్థానమునను మూఁడుగీఁతలకు మించవు. నాలుగైనచోఁ బైస్థానమున నొకటియగును. ఏమియు లేనిచోట హళ్ళి. పదునాఱణాల రూపాయితో బేరముచేయు దేశమున నింతకంటె సుకరమైన లెక్క లేదు. 1957లో రూపాయికి నూఱుపైసలైనపిమ్మట నీ విద్యకుఁ బని తప్పినది. 2008లో యూనికోడుపట్టికలో నీ గీఁతలకు స్థానము దొరకినది. వానిని జదువఁగలవారు మాత్రము మిగులలేదనవచ్చును.

ఈ యెక్కములను, భిన్నములను, కొలఁతలను దినమునకు రెండుసారులు పిల్లలు వరుసలుదీరి నిలుచుండి, పెద్దపిల్లవాఁ డొకఁడు చెప్పఁగా వల్లె వేసెడివారు. చదువుకొన్నవాఁడు చదువనివానికిఁ జెప్పుచుఁ దన చదువును స్థిరపఱచుకొను నీ పద్ధతి మెచ్చఁదగినదనియు, ఇంగ్లండున దీని ననుకరించుట యుక్తమే యనియుఁ గాంబెలు వ్రాసినాఁడు. ఈ యనుకరణమునకుఁ గారకుఁడు ఆండ్రూ బెల్లు. 1789 మొదలు చెన్నపట్టణమందలి ఎగ్మూరు అనాథబాలురపాఠశాల నడపిన యీ పాదిరి, అచ్చటి నాటుబడిలోఁ బిల్లలు ఇసుకలో వ్రాయుటఁ జూచి, తన బడిలోఁ బ్రవేశపెట్టి, 1797లో లండనునఁ బుస్తకము ప్రకటించినాఁడు.

పైతెగవారికిఁ జదివించునది పుస్తకములు మాత్రమే కాదు. అయ్యవారు నలువైపులనుండి ప్రోగుచేసిన జాబులను, సర్కారుకాగితములను జేతికిచ్చి, వేఱువేఱు చేవ్రాతలను విప్పి చదువుట నేర్పెడివాఁడు. గొలుసుకట్టువ్రాతను జదువలేనివాఁడు కరణమునొద్ద మోసపోవును గదా. మామూలుజాబులు వ్రాయుట, ఒడంబడికపత్రములు కూర్చుట కూడ నేర్పిరి. ఇది యెంత లౌకికమైన చదువో చూడుఁడు.

పుస్తకములలో రామాయణభారతభాగవతములు అన్నికులములవారికి సమానము. వీనిపైని కంసాలిమొదలగు పనివారి పిల్లలకు విశ్వకర్మపురాణాదులు, లింగధారులకు బసవపురాణము, చెన్నబసవపురాణము, గిరిజాకల్యాణము, అనుభవామృతము మొదలగునవి. వినోదమునకుఁ బంచతంత్రము, బేతాళపంచవింశతి, మోహనతరంగిణి. ఈ పేరులు అచ్చులో గుర్తుపట్టరానంత వికృతములై యున్నవి, బసవపురాణము "బువపురాణ"మైనది. కడపట వ్యాకరణనిఘంటువులు: అమరము, శబ్దమంజరి, శబ్దమణిదర్పణము, ఆంధ్రదీపిక, ఆంధ్రనామసంగ్రహము. వీనిని జెప్పిన వెంటనే కాంబెలు ఒకమాట చేర్చినాఁడు. భాషాజ్ఞానమునకు అత్యావశ్యకములైన యీ పుస్తకములే, వ్రాఁతప్రతుల వెల హెచ్చగుటచేతను, అయ్యవార్ల పేదఱికముచేతను, బడులలో నన్నింటికంటె నరుదుగా నున్నవని.

ఈ వాక్యమునకుఁ దరువాతనే చిలుకలనింద వచ్చును. కావ్యభాష వాడుకభాషకు దూరమనియు, అర్థము చెప్పఁగల అయ్యవార్లు కొందఱే యనియు, బాలుఁడు లెక్కలేనన్ని పద్యములు వల్లించినను వాని భావమును జిలుక యెఱిఁగినంతయే యెఱుఁగుననియు నాతని ఆక్షేపము. ఈ యాక్షేపము తరువాతి శతాబ్దిని వేఱొకరూపమున మనవారిలోనే పెద్దవాదమైన సంగతి చదువరు లెఱుఁగుదురు. నిందలో నిజము లేదని నేననను. అర్థము తెలియని చదువు బరువే. కాని కంఠపాఠమే దోషమనుట తప్పు. ఇత్సింగు వ్రాఁత చూడుఁడు: ఎనిమిదవయేఁటఁ బాణినిసూత్రములను మొదలిడి ఎనిమిదినెలలలోఁ గంఠస్థము చేయుదురు, పదునైదవయేఁట వృత్తిని మొదలిడి ఐదేండ్లకు గ్రహింతురు. సూత్రము నోటికి వచ్చుటకును, దాని యర్థము బుద్ధికెక్కుటకును నడుమ నేండ్లకొలఁది దూరమున్నది. ఆ దూరమును బాలుఁడు దాఁటుననియే ముందు వల్లింపించుట. మా శాస్త్రము చదువుకొన్నవారందఱును మొదట చిలుకలే. వృత్తి చెప్పు గురువు దొరకుటచేత మనుష్యులైరి.

బళ్ళారిబడిలో లోపించినది యీ రెండవభాగము. కొందఱు పదునాలుగు పదునైదేండ్లు చదువుదురనియు, పేదవారి పిల్లలు ఐదేండ్లకే విడిచిపోదురనియుఁ గాంబెలే చెప్పినాఁడు. ఐదేండ్లలో వల్లె ముగియును, అర్థపుఁబాఠము మొదలుకాదు. మొదలైనను జెప్పుటకు నిఘంటువు లేదు. కొనుటకు అయ్యవారికి శక్తి లేదు. అయ్యవారి రాఁబడి యెంత? మన్రో 1826 మార్చి 10వ తేదీని వ్రాసిన మినిటులో నున్నది: నెలకు ఆఱేడురూపాయలకు మించదనియు, అంతమాత్రమునకుఁ దగిన యోగ్యులు ఆ వృత్తికి రారనియు. మఱి పల్లెలలో నా పాటియు నిచ్చువారు తగ్గిరి. ఐరోపాసరకు వచ్చి నేఁతపనివారి జీవనము కుంటువడినదనియు, దేశమంతయు మెల్లమెల్లఁగాఁ బేదపడుచున్నదనియు, మధ్యమాధమస్థితులవారు పిల్లల చదువునకుఁ బెట్టలేక, లేఁతచేతులు పనికివచ్చినతోడనే వారిని బనిలోఁ బెట్టుచున్నారనియు, పూర్వము బడులున్న పెక్కూళ్ళలో నిప్పుడు లేవనియుఁ గలెక్టరే తన ప్రభువులకు వ్రాసినాఁడు. 533 బడులలో నొక్కదానికిని సర్కారుసాయము లేదని చెప్పుటకు సిగ్గుపడుచున్నానని కూడ వ్రాసినాఁడు. అది యానాఁటి కుంఫిణీ యుద్యోగి నోట సులభముగా వచ్చుమాట కాదు.

చరిత్రకారులు ఈ యార్థికభాగమును వేఱుగాఁ జదివి, చిలుకలభాగమును వేఱుగాఁ జదువుదురు. రెండవది మొదటిదానికి ఫలము. నిఘంటువు కూర్చిన కాంబెలు, నిఘంటువు లేని బడిని జూచి, లోపము పాఠక్రమములో నున్నదని కొంతయు, పేదఱికములో నున్నదని కొంతయుఁ జెప్పి, రెంటిని ముడివేయక విడిచినాఁడు.

మన్రో తన మినిటులోఁ గలెక్టరేటుబడి ఉపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు, తహసీలుబడి ఉపాధ్యాయునకు 9 రూపాయలు ఇయ్యవలెనని ప్రతిపాదించెను. 1827 జూలై 6వ తేదీని పత్తికొండలో విషూచిచే నాతఁడు మరణించెను. వీధియరుగు మీఁది అయ్యవారికి ఆ జీతము రాలేదు. ఆ బడి ఊరివా రిచ్చినదానితోనే సాగినది, ఇయ్యలేనిచోట నిలిచినది. కాంబెలు అరుదని చెప్పిన పుస్తకములలో నొకటైన మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక 1848లో నచ్చుపడినది. 1823లో బియ్యములో వ్రేలు పెట్టిన యైదేండ్ల బాలునకు అప్పటికి ముప్పదియేండ్లు.